కొండ అవతలికి మాట

సికింద్రాబాద్ తిరుమలగిరిలోని సైనిక కళాశాల ఎంసీఈఎంఈలో సైన్యపు ఇంజినీర్లు, టెక్నీషియన్లు తయారవుతారు. మూగబోయిన రేడియో సెట్టును మళ్లీ పలికించడం వాళ్ల పని. సైన్యం వాడే సెట్లన్నిటిలో నాకు అపురూపంగా తోచేది హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) రేడియో. దానికి టవరూ ఉపగ్రహమూ అక్కర్లేదు. వందల కిలోమీటర్ల ఎత్తున ఎండకు విద్యుదావేశం పొందిన అయనోస్ఫియరే దానికి అద్దం.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ట్యాంకుల్లో ఉన్న 19వ నంబరు సెట్టు 2 నుంచి 8 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేది. దాని ఏఎం పద్ధతిలో, ఎంత గట్టిగా మాట్లాడినా, కనీసం మూడింట రెండు వంతుల శక్తి మాటే లేని క్యారియర్‌కు పోతుంది. తర్వాత వచ్చిన ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) పద్ధతి ఆ క్యారియర్‌నీ, ఒక పక్క బ్యాండ్‌నీ తీసేసి బ్యాటరీని మాటకే మిగిల్చింది. కానీ రెండు సెట్ల ఫ్రీక్వెన్సీ కాస్త తేడాపడితే గొంతు వికృతంగా మారుతుంది. అందుకే సెట్టులో ఫ్రీక్వెన్సీని నిలబెట్టే క్రిస్టల్ సియాచిన్ చలికీ, థార్ ఎండకీ చెదరకూడదు.

అంతకన్నా మొండి సమస్య యాంటెన్నా. 5 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 60 మీటర్లు, అందులో పావు 15 మీటర్లు. జవాను వీపున మోసేది రెండున్నర మీటర్ల కడ్డీ! ఆ కడ్డీని సెట్టుకు జతపరిచే ట్యూనర్‌లోని కాయిళ్లు, కెపాసిటర్లు సర్దిచెప్పినా చాలా శక్తి వేడిగా పోతుంది. కొండల్లో అయితే తీగను నేలకు దగ్గరగా అడ్డంగా కడతారు. తరంగం నిట్టనిలువుగా పైకెళ్లి, చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర లోయల్లోకి దిగుతుంది. ఈ ఉపాయం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

ఆకాశం మాత్రం నిలకడగా ఉండదు. రాత్రి పొరలు పలచబడితే ఫ్రీక్వెన్సీ దించాలి. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరైన మన దక్షిణాదిన సూర్యాస్తమయం తర్వాత పై పొర గరుకెక్కి సిగ్నల్ వణుకుతుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యుడు బి. రామచంద్రరావు బృందం దశాబ్దాలపాటు ఈ అయనోస్ఫియర్‌నే పరిశోధించింది.

మన లోయలో దిగిన మాట శత్రువు చెవినా పడుతుంది. ఈ జంట నగరాల్లోనే చాంద్రాయణగుట్టలోని రక్షణ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్, 1.5 మెగాహెర్ట్జ్ నుంచి 40 గిగాహెర్ట్జ్ దాకా వినే, అడ్డుకునే ‘సంయుక్త’ వ్యవస్థ రూపకల్పనను ముందుండి నడిపింది. అలాంటి చెవి అవతల కూడా ఉంటుందనుకునే డిజైనర్ సెట్టు గీయాలి. అందుకే రెండు సెట్లూ రహస్య తాళం ప్రకారం సెకనుకు పలుమార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తాయి. గెంతిన ప్రతిసారీ ట్యూనర్ కూడా వెంట రావాలి. మోటారుతో తిరిగే పాత కాయిల్ ఆ వేగాన్ని అందుకోలేదు, కాబట్టి ఎలక్ట్రానిక్ స్విచ్‌లు వచ్చాయి. అయినా ఇష్టం వచ్చినంత దూరం గెంతడానికి లేదు. ఆ గంటకు అయనోస్ఫియర్ తిప్పి పంపే పరిధిలోనే తిరగాలి.