వాన కబురు ఎట్లు వచ్చును?

బాలలారా! “రాగల ఇరువదినాలుగు గంటలలో కోస్తాలో వర్షములు కురియవచ్చును” అని రేడియోలో చదువుటకు మాకు అర నిమిషము చాలును. ఆ ఒక్క వాక్యము వెనుక ఎందరి శ్రమ ఉన్నదో నేడు చెప్పెదము.

వాతావరణ కేంద్రపు ఆవరణలో కాళ్ళపై నిలిచిన తెల్లని కొయ్యపెట్టె ఒకటి ఉండును. చెక్కల సందులనుండి గాలి దానిలోనికి ధారాళముగా వచ్చును. థర్మామీటర్లను అందులో ఉంచుదురు. ఎండలో ఉంచినచో థర్మామీటరు తానే కాగును. అప్పుడది చూపునది గాలి వేడిమి కాదు. సమీపముననే వర్షమాపకము ఉండును. ప్రతి ఉదయము 8:30 గంటలకు అందలి నీటిని కొలుతురు. ఒక సెంటీమీటరు వాన అనగా, నీరు ఇంకక, పారక నిలిచినచో నేలపై అంత లోతు ఉండెడిదని అర్థము.

మరి పైగాలి సంగతి? విశాఖపట్టణము, హైదరాబాదు మొదలగు చోట్ల పెద్ద బెలూనునకు చిన్న పరికరము కట్టి వదలుదురు. అది సుమారు 30 కిలోమీటర్ల ఎత్తువరకు పోవుచు, వేడిమిని, తేమను, పీడనమును కొలిచి రేడియో ద్వారా క్రిందికి తెలుపును. అదియు మావలె ప్రసారము చేయునదే! పైకి పోయినకొలది చుట్టునున్న గాలి పీడనము తగ్గును గనుక బెలూను ఉబ్బి ఉబ్బి తుదకు పగులును.

లోకమంతటను ఈ బెలూన్లను ఇంచుమించు ఒకే వేళకు ఎగురవేయుదురు. మన గడియారములో అది ఉదయము 5:30, సాయంకాలము 5:30 గంటల పరిశీలన. గాలికి పొలిమేరలు లేవు. అన్నిచోట్ల ఒకే వేళ కొలిచిన లెక్కలను కలిపి చూచిననే అది ఎటు సాగుచున్నదో తెలియును. 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి ఇన్సాట్ ఉపగ్రహములు మేఘముల చిత్రములు పంపును. తీరమున రాడార్లు తుపానును కనిపెట్టును. వీనినన్నిటిని కంప్యూటర్లతో గణించి, శాస్త్రజ్ఞులు చర్చించి నిర్ణయింతురు.

ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు మేము చదివిన వాన రాదు. సముద్రముపైన, అడవులలో కొలువని చోట్లు ఎన్నో గలవు. అప్పుడు మీరు నవ్వినను తప్పులేదు.

కాని తుపాను హెచ్చరిక వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేయగా సుమారు పదివేలమంది మరణించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖపట్టణమును తాకెను. చెట్లు కూలెను, ఇండ్ల కప్పులు లేచిపోయెను. అయినను కొన్ని దినముల ముందే హెచ్చరిక అందినందున వేలాది జనులు సురక్షిత స్థలములకు తరలిరి. ప్రాణనష్టము దివిసీమతో పోల్చిన చాల స్వల్పము.

కావున తుపాను కబురు విన్నప్పుడు ఇంటి పెద్దలకును, ఇరుగుపొరుగువారికిని వెంటనే చెప్పుడు. కొలిచినవారి శ్రమ విన్నవారు కదలిననాడే ఫలించును.