ఒకే మస్టరు, మూడు పద్దులు: ఉపాధి కూలిని కులం వారీగా విడగొడితే ఏమైంది?

2020 ఏప్రిల్ నెలాఖరున గుజరాత్‌లోని వెరావల్ నుంచి మన మత్స్యకారులను ఎక్కించుకుని బస్సులు బయల్దేరాయి. లాక్‌డౌన్‌లో అక్కడ చిక్కుకుపోయిన వేలాది మందిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు ఎందరో. చెన్నైకి, హైదరాబాద్‌కి, విజయవాడకి భవన నిర్మాణ పనులకు వెళ్లిన మన పేటల జనంలో చాలామంది దొరికిన లారీ ఎక్కారు, దొరకని చోట నడిచారు. ఊరు చేరి క్వారంటైన్ గడువు తీరాక వాళ్లకు మిగిలిన పని ఒక్కటే, ఉపాధి హామీ.

ఆ ఏడాది కేంద్రం ముందు రూ.61,500 కోట్లు కేటాయించి, మే నెలలో మరో రూ.40,000 కోట్లు కలిపింది. మన రాష్ట్రంలో రోజు కూలి రూ.211 నుంచి రూ.237కు పెరిగింది. ఏటా ఎలాగూ జరిగే సవరణనే కరోనా సాయం కింద ప్రకటించారు, అది వేరే సంగతి. 2021-22 బడ్జెట్ వచ్చేసరికి కేటాయింపు రూ.73,000 కోట్లకు పడిపోయింది. పని అడిగేవాళ్లు తగ్గలేదు, డబ్బు తగ్గింది. సరిగ్గా ఆ సమయంలోనే, 2021 మార్చి 2న, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు ఒక సూచన పంపింది. ఇకమీదట కూలి చెల్లింపులను ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడుగా విడగొట్టాలని. మన పేరు చెప్పి చేసిన మార్పు కాబట్టి ముందు మనమే దీన్ని విప్పి చూడాలి.

పాలకొండ, వీరఘట్టం వైపు ఒక చెరువులో పూడిక తీస్తున్నారనుకుందాం. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి, తర్వాత పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన మండలాలివి. గుంపులో పదిమంది. నలుగురు మాల, మాదిగ పేటల వాళ్లు, ఇద్దరు జాతాపులు, నలుగురు బీసీలు. గునపం ఒకరిది, తట్ట ఒకరిది, కొలత అందరిదీ. మస్టరు మూశాక వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించి, ఎనిమిది రోజుల్లోపు చెల్లింపు ఆర్డరు తయారుచేయాలి. దాన్నే ఎఫ్‌టీఓ అంటారు. తర్వాత ఏడు రోజుల్లో కేంద్రం నేరుగా కూలీల ఖాతాల్లో డబ్బు వేయాలి. మొత్తం పదిహేను రోజులు. ఇదే చట్టం చెప్పిన గడువు.

ఇదివరకు ఈ పదిమందికీ ఒకే ఆర్డరు వెళ్లేది. కొత్త పద్ధతిలో ఆ ఒక్క మస్టరుకు మూడు ఆర్డర్లు. బడ్జెట్ పుస్తకాల్లో ఎస్సీలకు 789, ఎస్టీలకు 796 అని విడి పద్దులుంటాయి. ఎవరి కూలి వాళ్ల పద్దు నుంచే రావాలి. ఒక పద్దులో డబ్బుండి మరో పద్దు ఖాళీ అయితే, ఒకే గుంపులో కొందరికి కూలి పడుతుంది, కొందరికి పడదు.

అదే జరిగింది. 2021-22 మొదటి ఆరు నెలల చెల్లింపులను పరిశీలించిన లిబ్‌టెక్ ఇండియా సంస్థ, కేంద్రం దగ్గరే ఆలస్యం ఎక్కువగా ఉందని, అది కులాన్ని బట్టి మారుతోందని చూపించింది. ఎక్కువ ఆలస్యం ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్లకు. మనకు ముందే పడింది కదా, మనకేం నష్టం అంటారా? చెరువు గట్టు మీద పక్కన నిలబడి తట్ట మోసిన మనిషికి పదిహేను రోజులైనా డబ్బు రాకపోతే, ఆ మనిషి కోపం ఢిల్లీ దాకా పోదు. "వాళ్లకు వేశారు, మాకు వేయలేదు" అని పేట మీదికి తిరుగుతుంది. బడ్జెట్ తక్కువ పెట్టిన తప్పు కులాల గొడవగా మారిపోతుంది. పల్లెలో కులంతో సంబంధం లేకుండా అందరికీ ఒకే రేటు, ఒకే మస్టరు ఉన్న పనులు ఎన్నని? వాటిలో ఒకదాన్ని ఇలా చీల్చారు.

ఎస్సీ, ఎస్టీలకు బడ్జెట్‌లో ఎంత మేలు అందుతోందో స్పష్టంగా చూపడానికే ఇలా చేశామని కేంద్రం చెప్పింది. సబ్‌ప్లాన్ లెక్క తేలాలని కొట్లాడిన వాళ్లం మేమే. మన రాష్ట్రంలో 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది ఆ పోరాటం వల్లే. కానీ ఒళ్లు వంచి మట్టి తవ్వినందుకు చట్ట ప్రకారం రావాల్సిన కూలిని దళితులకు చేసిన మేలు కింద రాసుకోవడం మేమడిగిన లెక్క కాదు. ఎవరెంత పని చేశారో కులం వారీ వివరాలు జాబ్ కార్డుల్లోనే ఉన్నాయి. లెక్క కావాలంటే అక్కడినుంచి తీయొచ్చు, చెల్లింపును విడగొట్టనక్కర్లేదు.

పలు రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు పెరిగాక 2021 చివర్లో కేంద్రం వెనక్కి తగ్గింది, మళ్లీ ఒకే ఆర్డరు పద్ధతి వచ్చింది. ఆలస్యమైన రోజుల సంగతి మాత్రం తేలలేదు. చట్టం ప్రకారం ఆలస్యమైన ప్రతి రోజుకూ రావాల్సిన కూలిలో 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. అప్పటి రూ.245 చొప్పున ఆరు రోజుల కూలి రూ.1,470 ఆగిందనుకోండి, రోజుకు వచ్చేది దాదాపు 73 పైసలు. ఆ పైసలకు కూడా, ఎఫ్‌టీఓ తయారైన తర్వాత కేంద్రం దగ్గర ఆగిన రోజులను లెక్కలోకి తీసుకోకపోవడాన్ని 2018 మే 18న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది.

2022-23లో కూడా కేటాయింపు రూ.73,000 కోట్లే. కూలి రూ.257 అయింది. 2022 మే 16 నుంచి ఇరవై మంది, అంతకు మించి ఉన్న పనుల్లో రోజుకు రెండుసార్లు ఫోన్ యాప్‌లో ఫొటో తీసి హాజరు వేయాలన్న నిబంధన వచ్చింది. సీతంపేట కొండల మీద సిగ్నల్ అందని చోట సవర కూలీల రెండో ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి ఎవరిస్తారని మేట్లు ఎంపీడీవో ఆఫీసుల్లో అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి. పని అడిగినప్పుడు తేదీ వేసిన రసీదు తీసుకున్నట్టే.