అద్దె వస్తుంది... మిగిలేదెంత?

‘ఇంకో ఫ్లాట్ కొనిపెట్టుకుంటే నెలనెలా అద్దె వస్తుంది, పెద్ద వయసులో ఆసరాగా ఉంటుంది’... మధ్యతరగతి ఇళ్లలో తరచూ వినిపించే మాట. ఆలోచన మంచిదే. అయితే అద్దె ఇల్లంటే ఓ చిన్న వ్యాపారం. లెక్క, పత్రాలు, మనుషులు... ఈ మూడూ చూసుకున్నవారికే అది ఆసరా అవుతుంది.

కాగితం మీద లెక్క

హైదరాబాద్ శివార్లలో రిజిస్ట్రేషన్‌తో కలిపి 80 లక్షలు పెట్టి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నారనుకుందాం. నెలకు 24 వేల చొప్పున ఏడాది అద్దె 2.88 లక్షలు. ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేలోపు ఓ నెల అద్దె పోతుంది. ఆస్తి పన్ను, పెయింటింగ్, ప్లంబింగ్, ఆ ఖాళీ నెల మెయింటెనెన్స్ కలిపి మరో 40 వేలు. చివరికి మిగిలేది 2.24 లక్షలు, అంటే 2.8 శాతం రాబడి.

ఆ 80 లక్షల్లో 60 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవయ్యేళ్ల అప్పయితే ఈఎంఐ 52 వేలు దాటుతుంది. ఖర్చులన్నీ తీసేశాక మిగిలే అద్దె పోనూ నెలకు 33 వేలకు పైగా జీతంలోంచే కట్టాలి. ధర పెరుగుతుందన్న నమ్మకంతోనే ఆ భారం మోస్తాం. ఆరు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు విడిగా లేకపోతే ఆగడమే మేలు.

పన్ను సంగతీ చూడాలి. ఆస్తి పన్ను పోనూ మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు దొరుకుతుంది. అప్పు వడ్డీనీ తీసేయొచ్చు. అలా తేలే నష్టాన్ని పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించి చూపొచ్చు. కొత్త విధానంలో ఆ వీల్లేదు.

పత్రాలే పునాది

ప్రీలాంచ్ పేరుతో తక్కువ ధర చూపితే తొందరపడొద్దు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరైన ప్రాజెక్టును ఆ నంబరు రాకముందే అమ్మడం 2016 చట్టం ప్రకారం నేరం. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), మన వాటాకు వచ్చే స్థలం... అన్నీ లాయరుకు చూపించాలి. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం పరిధి) లేదా బఫర్ జోన్‌లో ఉందేమో విడిగా ఆరా తీయాలి.

తాళం చేతులు మారే రోజు

అగ్రిమెంటు రాసుకునే రోజు ఓనరూ అద్దెకు దిగేవారూ కలిసి ఇల్లంతా తిరగాలి. కరెంటు మీటర్ రీడింగ్, గోడల మీద మరకలు, గీజర్, ఫ్యాన్లు, కుళాయిలు ఫొటోలు తీసి ఇద్దరూ ఉంచుకోవాలి. నీటి ట్యాంకర్ల ఖర్చు ఎవరిది, పెయింటింగ్ ఎవరు వేయించాలి, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి అన్నవి రాతలో ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు వచ్చే గొడవల్లో చాలావాటికి ఇక్కడే అడ్డుకట్ట పడుతుంది.

ఓనరు అమెరికాలో ఉంటే మరో మెలిక ఉంది. ప్రవాస భారతీయులకు కట్టే అద్దెలో 30 శాతం, దానిపై సెస్సు టీడీఎస్‌గా పట్టుకోవాల్సిన బాధ్యత అద్దెకుండేవారిదే. అద్దె ఎంత చిన్నదైనా ఇదే నియమం. ఆ సంగతి ముందే చెప్పడం ఓనరు ధర్మం.

మనుషుల్ని నిలుపుకోవాలి

కులమేంటి, మాంసం వండుతారా, ఒంటరి ఆడవాళ్లా... ఇలాంటి ప్రశ్నలతో మనుషుల్ని గుమ్మంలోంచే పంపేయడం అన్యాయం. అడగాల్సినవి వేరు. ఉద్యోగమేంటి, పాత ఓనరు ఏమంటారు, గుర్తింపు కార్డు ఉందా అన్నవి చాలు.

అద్దె వేళకు కడుతూ ఇంటిని శుభ్రంగా ఉంచుకునే కుటుంబం దొరికితే, కుళాయి కారుతోందని ఫోన్ చేసిన రోజే ప్లంబర్‌ను పంపండి. మార్కెట్ కంటే అద్దె కాస్త తక్కువైనా వాళ్లను వదులుకోకండి. నెలకు వెయ్యి పెంచబోయి వాళ్లు వెళ్లిపోతే, ఒక్క నెల ఖాళీతో పోయిన 24 వేలు పూడటానికి రెండేళ్లు పడుతుంది.