విద్యుదేకచక్రము: దాని పోషణము, ఆరోహణము

సూర్యుని రథమునకు చక్రమొక్కటే యనియు, సారథియైన అరుణునకు తొడలు లేవనియు మా గురువుగారు చెప్పగా బాల్యమున నవ్వితిని. ఒంటిచక్రము నిలుచుటెట్లు? అరువదియేండ్లు దాటి, బడి విడిచి గుమ్మఘట్టలో కూర్చున్న నాకు, బెంగుళూరిలో పనిచేయు మేనల్లుడు తెచ్చి యిచ్చిన యంత్రమొకటి సమాధానము చెప్పినది. చెప్పుటకు మూల్యముగా నా మణికట్టు విరిచినది. ఆ సంగతికి తరువాత వత్తును.

శ్రోతలారా, 2001 లో డీన్ కేమెన్ అను అమెరికావాసి రెండు చక్రముల సెగ్వే బండిని లోకమునకు చూపెను. పదియేండ్లకు, 2011 లో, షేన్ చెన్ అను నతడు సోలోవీల్ అను ఒంటిచక్రమును విపణికి తెచ్చెను. నా యొద్ద నున్నది ఆ జాతిదే. సైకిలు చక్రముకంటె చిన్న చక్రము, దాని నడుమ మోటారు, ఇరువైపుల మడచుటకు వీలగు పాదపీఠములు, పైపెట్టెలో బేటరీ. పట్టుకొనుటకు పిడి లేదు, కూర్చుండుటకు పీట లేదు.

పిల్లలు చీపురుకట్టను అరచేత నిలువబెట్టి ఆడుట చూచియుందురు. కట్ట ఎటు వాలునో చేయి అటు పరుగెత్తును. ఈ యంత్రము చేయునదియు నదియే. వంపును కనిపెట్టు జైరోస్కోపు లోపల నుండును. మనము ముందునకు వాలినచో మోటారు చక్రమును ముందునకు త్రోసి మన క్రిందికి తెచ్చును; వెనుకకు వాలినచో వేగము తగ్గించును. కాని ప్రక్కకు ఒరిగినవానిని అది ఆదుకొనదు. ఆ భారము మనదే. సైకిలువలెనే, ఎటు పడబోవుదుమో అటే చక్రమును త్రిప్పవలెను. మెల్లగా పోయినకొలది తొణుకు హెచ్చు. కొత్తవారు భయపడి మెల్లగా పోవుదురు, అందుచేతనే పడుదురు.

నేను మొదటినాడు పంచెతో ఎక్కితిని. కుచ్చిళ్లు పాదపీఠమునకు తగులుకొనెను. మా యింటియామె గడపలో నిలిచి, "ఈ వయసులో ఈ కోతి ఆటలేమండీ?" అనినది. మరునాడు మేనల్లుని పాతలాగు తొడిగితిని. గోడ పట్టుకొని, ఒక కాలు పీఠముపై నుంచి, పిక్కను పెట్టెకానించి, రెండవకాలితో నేలను తన్నుచు నాలుగు దినములు సాధనచేసితిని. పిమ్మట రెండవకాలును పైకెత్తితిని. చూపు పాదములపై గాక దూరమున నిలుపవలెను, మోకాళ్లు బిగింపరాదు. దిగుటకు వేగము తగ్గించి ఒక కాలు నేల మోపిన చాలును. వేరుసెనగ నూర్పులైన కళ్లము సాధనకు మంచి చోటు, తుమ్మముండ్లు ఏరివేసినచో.

ఇక పోషణము. ఇందలి బేటరీ లిథియం జాతిది. ఒక్కొక్క గుళిక నిండినప్పుడు 4.2 వోల్టులుండును, పదునారు గుళికలు వరుసగా కలిపినచో 67.2 వోల్టులు. నా దానిలో పట్టునది 500 వాట్-గంటలు, అనగా అర యూనిటు. నిండుటకు సుమారు ఐదు గంటలు. చివరి భాగమున ప్రవాహము సన్నగిల్లును గనుక అక్కడ ఆలస్యమగును. గుళికలు తరిగినకొలది వోల్టులు దిగును, వోల్టులు దిగినకొలది మోటారు పరుగెత్తగల మేర తగ్గును. ఏట సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు మా సీమలో, వేదవతిపై భైరవానితిప్ప జలాశయమునొద్ద నున్నవారికి ఈ లెక్క క్రొత్త గాదు. నిలువ యెంతయో చూడక మడికి నీరు వదలువాడెవడు?

నేను వదలితిని. ఒకరాత్రి ఛార్జరు తగిలించి నిద్రించితిని. కరెంటు పోయినది, ఎరుగనైతిని. సాయంకాలము దీపముల లెక్క చూడకయే యెక్కితిని. శక్తి తరిగినప్పుడు యంత్రము సన్నని యీల వేయును. ముసలిచెవికి, అందునను మా గాలిలో, అది వినరాలేదు. అటుపై పాదపీఠముల ముందుభాగము పైకి లేచెను. వెనుకకు వాలుమని దాని హెచ్చరిక. నేను నేల ఎత్తైనదనుకొని మరింత ముందునకు వాలితిని. మోటారునకు నా క్రిందికి వచ్చు సత్తువ లేకపోయెను. చక్రము వెనుకబడినది, నేను ముందు పడితిని.

కుడిచేయి. ఆరు వారములు అన్నము ఆమెయే కలిపి పెట్టినది. ఒక్కమాట అనలేదు. అనియుండినచో బాగుండెడిది.

నాటినుండి నిద్రపోవునప్పుడు ఛార్జింగు పెట్టను. లిథియము అంటుకొనినచో ఆర్పుట కష్టము. కావున బండపరుపుపై, గుడ్డలకును గడపకును దూరముగా, దానికి వచ్చిన ఛార్జరుతోడనే పెట్టుదును. వైశాఖమున ఎండలో తిరిగివచ్చిన చక్రమును నీడలో గంటసేపు చల్లార్చిన పిదపనే తగిలింతును. మాసములు వాడనిచో సగము నింపి యుంచవలెను. పూర్తిగా నిండిన వెంటనే పెద్ద దిగుడులో దిగరాదు. చక్రమును ఆపునప్పుడు పుట్టు విద్యుత్తు బేటరీలోనికే మరలును, నిండిన కుండలో నీరెక్కడ పట్టును?

మరియొక మాట. మన దేశమున 250 వాట్లకును, గంటకు 25 కిలోమీటర్లకును లోబడిన తేలికబండ్లకే రిజిస్ట్రేషను మినహాయింపు గలదు. నా చక్రము అంతకు మించినది. కావున రాయదుర్గము రోడ్డుపైకి పోను.

ఇప్పుడు శిరస్త్రాణము, మణికట్టు కవచములు ధరించి కళ్లములోనే తిరుగుదును. ఆమె అంచున కూర్చుండి కాయలు ఒలుచుచుండును. ఈల వినబడినచో చేయెత్తును. నేను దిగుదును.