4.3 సందర్శకుల సేవలు – వన్యప్రాణుల ఆరోగ్యం: బ్విండీ అనుభవం

గత విభాగంలో అభయారణ్యాల ఆదాయ మార్గాలను గురించి తెలుసుకున్నారు. సందర్శకుల రాక జంతువుల ఆరోగ్యంపై ఎలాంటి ప్రభావం చూపుతుందో ఈ విభాగంలో పరిశీలిద్దాం. ఇందుకు ఉగాండాలోని బ్విండీ జాతీయ పార్కును ఉదాహరణగా తీసుకుందాం.

4.3.1 నేపథ్యం

2018 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో పర్వత గొరిల్లాలు 1,063 మాత్రమే. వాటిలో దాదాపు సగం బ్విండీ ప్రాంతంలో ఉన్నాయి. గొరిల్లాలను చూడటానికి విదేశీయులు వందల డాలర్లు చెల్లిస్తారు. ఈ ఆదాయం పార్కు రక్షణకు ఉపయోగపడుతుంది. పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల గ్రామాలకు చేరుతుంది. కాబట్టి సందర్శకులు లేకుండా సంరక్షణ సాగడం కష్టం.

4.3.2 సమస్య

గొరిల్లా జన్యుపరంగా మనిషికి చాలా దగ్గర. అందువల్ల మన జలుబు, దగ్గు వాటికీ సోకుతాయి. మనకు రెండు రోజుల్లో తగ్గే జలుబు వాటికి న్యుమోనియాగా మారవచ్చు. 1996లో బ్విండీలోని ఒక గొరిల్లా గుంపుకు గజ్జి సోకి ఒక పిల్ల మరణించింది. మిగిలినవి ఐవర్మెక్టిన్ చికిత్సతో కోలుకున్నాయి. ఈ వ్యాధి సమీప గ్రామాల మనుషుల నుంచి వచ్చి ఉంటుందని భావించారు. చికిత్సలో పాల్గొన్న పశువైద్యురాలు గ్లాడిస్ కాలెమా-జికుసోకా తరువాత మనుషుల ఆరోగ్యాన్ని, గొరిల్లాల ఆరోగ్యాన్ని కలిపి చూసే సంస్థను నెలకొల్పారు. గ్రామంలో వైద్యం అందితేనే అడవి ఆరోగ్యంగా ఉంటుందన్నది ఆమె గ్రహించిన విషయం.

4.3.3 నియమాలు – ఆచరణ

ప్రధాన నియమాలు ఇవి:
• ఒక గుంపును రోజుకు 8 మంది మాత్రమే, ఒక గంట మాత్రమే చూడాలి.
• కనీసం 7 మీటర్ల దూరం పాటించాలి. కోవిడ్ తరువాత దీనిని 10 మీటర్లకు పెంచి, మాస్కు తప్పనిసరి చేశారు.
• అనారోగ్యంగా ఉన్నవారు, 15 ఏళ్లలోపు వారు వెళ్లరాదు.

అయితే నియమం ఉండటం వేరు, అమలు కావడం వేరు. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పరిశీలించిన 53 సందర్శనలలో 52 సార్లు 7 మీటర్ల నియమం తప్పినట్లు తేలింది. కారణాలు మీరూ ఊహించగలరు. సందర్శకుడు దగ్గరి ఫోటో కోరుకుంటాడు. అంత డబ్బు చెల్లించి వచ్చినవాడు జలుబును దాచిపెట్టవచ్చు. గైడు గట్టిగా చెప్పడానికి సంకోచించవచ్చు. కొన్నిసార్లు గొరిల్లాలే దగ్గరకు వస్తాయి. కనుక దోషమంతా ఒక్కరిదే అనలేము. అనారోగ్యం తెలిపినవారికి రుసుము తిరిగి ఇవ్వడం, గైడుకు ఆపే అధికారంతోపాటు శిక్షణ ఇవ్వడం, బయలుదేరే ముందే కారణాలు వివరించడం కూడా సందర్శకుల సేవల్లో భాగమేనని గుర్తించాలి.

ఈ సమస్య దూరదేశానిదే కాదు. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులోని 8 సింహాలకు కోవిడ్ సోకినట్లు సీసీఎంబీ నిర్ధారించింది. అవి కోలుకున్నాయి.

4.3.4 సారాంశం

సందర్శకుల వల్ల వచ్చే ఆదాయమే జంతువులను కాపాడుతుంది. వారి సామీప్యమే వాటికి ముప్పు తెస్తుంది. ఈ రెండింటి మధ్య సమతుల్యత సాధించడమే నిర్వహణ లక్ష్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బ్విండీలో దూర నియమం అమలు కాకపోవడానికి రెండు కారణాలు రాయండి.
2. గ్రామస్తుల ఆరోగ్యానికి, గొరిల్లాల ఆరోగ్యానికి గల సంబంధాన్ని వివరించండి.
3. మీకు తెలిసిన జూ లేదా అభయారణ్యంలో సందర్శకులకు ఇచ్చే సూచనలను పరిశీలించి, అవి ఎంతవరకు అమలవుతున్నాయో ఐదు వాక్యాల్లో రాయండి.