కారు అడుగుభాగమునకు రంగు వేయుట

కారు కొనబోవువారు దాని పైరంగు చూతురు, తలుపులు తట్టి చూతురు, హారను మ్రోగింతురు. నేలపై వంగి అడుగుభాగము చూచువారు అరుదు. కాని బండి ఆయువును నిర్ణయించునది ఆ చూడని భాగమే.

నిరుడు వేసవి సెలవులలో మా విద్యార్థి ఒకని తండ్రిగారు తమ పాత అంబాసిడరును పూర్తిగా విప్పించి మరల కట్టించిరి. కోవిల్‌పట్టి, విరుదునగరుల నడుమ పెండ్లిండ్లకును ఆసుపత్రి ప్రయాణములకును బాడుగకు తిరుగు బండి అది. ఆ కుటుంబమునకు అదియే జీవనాధారము. ఆ పని జరిగినన్ని దినములు మేమును సాయంకాలములందు పోయి చూచుచుంటిమి. అక్కడ తెలిసికొన్న సంగతులు మన పిల్లలకును పెద్దలకును పనికివచ్చునని ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా తుప్పు ఎట్లు పుట్టునో చూతము. ఇనుము, ప్రాణవాయువు, నీరు ఈ మూడును కలిసిన చోట తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో ఆ పని మరింత వేగముగా సాగును. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయుటయే దానికి కారణము. తూత్తుకుడి ఉప్పుమళ్లు మనకు దూరము కావు. ఆ తీరమునకు తరచుగా పోవు బండ్లకు ఉప్పుగాలి తప్పదు. ఇక మన నేల నల్లరేగడి. తమిళమున దీనినే కరిసల్ అందురు. ఈశాన్య ఋతుపవనపు వానలలో ఈ బురద చక్రముల పైకప్పులలోను, అడుగు మూలలలోను పట్టువలె అంటుకొనును. పైకి ఎండినట్లు కనబడినను లోపల దినముల తరబడి తడి నిలుపుకొనును. ఆ తడి క్రింద తుప్పు పెరుగును. తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, రంగును పొక్కువలె పైకెత్తును. పొక్కు కనబడెనన్న లోపల పని చాలదూరము సాగినదని అర్థము.

లారీకి బలమైన చట్రము వేరుగా ఉండును. పైపెట్టె వేరుగా ఉండును. అంబాసిడరు అట్టిది కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డు అను ఆంగ్లేయుల కారు ననుసరించి చేయబడిన ఈ బండికి నేలరేకు, గుమ్మములు, ఇంజను వెనుకటి అడ్డుగోడ అన్నియు కలిసి ఒకే పెట్టెగా అతుకబడినవి. బరువు మోయునది ఆ రేకులే. కావున అడుగున తుప్పు పట్టుట అందమునకు సంబంధించిన విషయము కాదు, లోపల కూర్చున్నవారి ప్రాణములకు సంబంధించిన విషయము. పైగా ఈ బండ్ల తయారీ 2014లోనే ఆగిపోయినది. ఉన్న పెట్టెను కాపాడుకొనుటయే మార్గము.

మేము చూచిన బండికి కొన్నేండ్ల క్రిందట వేరొకచోట అడుగున నల్లని తారుపూత వేయించిరట. చూచుటకు నిగనిగలాడుచుండెను. మేస్త్రీ ఒక స్క్రూడ్రైవరు తీసికొని నొక్కగా అది రేకును చీల్చుకొని లోనికి పోయెను. తుప్పును గోకకయే దానిపై తారు పూసిరన్నమాట! ఎండిన తారు పగులును. పగులులో నీరు చేరును. చేరిన నీరు బయటికి రాదు. "అయ్యవారూ, పైకి బాగుండెనే!" అని పిల్లవాడు తెల్లబోయెను. తండ్రిగారు మాత్రము కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట మేస్త్రీతో, "అన్నాచ్చీ, ఎన్ని దినములైనను సరే, ఈ తూరి దాచవద్దు" అనిరి. ఆ పెండ్లిండ్ల కాలపు బాడుగ అంతయు ఆయన వదలుకొనవలసి వచ్చెను.

పని వరుస యిది. మొదట బ్యాటరీ తీగలు విప్పి, ఇంజనును, పెట్రోలు తొట్టిని, బ్రేకు గొట్టములను దించిరి. ప్రతి తీగకును చీటీ కట్టిరి. పెట్రోలు తొట్టి యుండగా అతుకుపని చేయుట మృత్యువును పిలుచుటయే. తరువాత జిడ్డు కడిగిరి. గోకుటకు ముందే జిడ్డు పోవలెను. లేనిచో గోకుడు ఆ జిడ్డును గీతలలోనికి పులుమును. కిరసనాయిలు గ్రీజును కరగించును గాని తానొక నూనెపొరను మిగుల్చును. అందుచేత దానిని సబ్బునీటితో మరల కడిగి ఆరబెట్టవలెను. బ్యాటరీ పళ్లెము దగ్గర ఆమ్లము ఒలికి యుండును. వంటసోడా కలిపిన నీరు దానిని విరుచును.

పిమ్మట వైరు బ్రష్షుతోను గరుకు కాగితముతోను తుప్పు తీసిరి. మెరయు ఇనుము కనబడువరకు గోకవలెను. చివికిన రేకును కోసి క్రొత్త రేకు అతుకవలెనే గాని, పుట్టీతో పూడ్చరాదు. పుట్టీ బరువు మోయదు.

బ్రష్షు చేరని సందులలో మిగిలిన తుప్పునకు ఫాస్ఫారికామ్లమో టానినో కలిగిన ద్రవము పూయుదురు. అది ఎఱ్ఱని తుప్పును నల్లని గట్టి పొరగా మార్చును. ఈ వింత మనవారికి క్రొత్తది కాదు. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయశిక్షణ పొందు దినములలో శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూచితిమి. కరకపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై, ఇనుపముక్కలు బెల్లపునీటిలో నానబెట్టి తీసిన కసింకారముతో గీత గీయగానే అది నల్లబడును. కరక్కాయలోని టానినును ఇనుమును కలిసి నలుపగుటయే రెండుచోట్లను జరుగునది. అయితే ఇట్టి ద్రవము వాడినచోట ఏ ప్రైమరు నిలుచునో డబ్బామీది సూచన చదివి తెలిసికొనవలెను.

శుభ్రపడిన ఇనుమును రాత్రికి విడువరాదు. ఆ దినముననే ప్రైమరు పూయవలెను. ఎపాక్సీ ప్రైమరు ఇనుమును గట్టిగా పట్టుకొని తడిని అడ్డగించును. అది ఆరిన తరువాత రేకుల అతుకులలో సీలరు నింపి, ఆపైన రంగు వేయుదురు. రంగు పలుచగా రెండు మూడు మారులు వేసి, నడుమ నడుమ ఆరనీయవలెను. దట్టముగా ఒక్కమారే వేసినచో పైపొర ఎండి లోపల పచ్చిగా మిగులును. వానదినములలో చల్లినచో కొన్ని రంగులు తెల్లబారును. అగ్గిపెట్టెల పరిశ్రమకు కలిసివచ్చిన మన పొడిగాలి ఈ పనికిని అనుకూలమే.

ఇంజను గదిలోని రంగు నూనెకును వేడికిని ఓర్వవలెను. బ్రేకు నూనె చిందినచో సామాన్యపు రంగు ఊడిపోవును. గట్టిపరచు మందు కలిపి చల్లు రంగులు దీనికి మేలైనవి గాని, వానిలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు కీడు చేయును. గుడ్డ ముసుగు వానిని ఆపదు. బయటి స్వచ్ఛమైన గాలి గొట్టముద్వారా అందు ముసుగే కావలెను. ఈ మాట రంగుపనికి పోదలచిన పిల్లలు మరువరాదు.

అడుగుభాగమున రంగు ఆరిన పిదప రాళ్లదెబ్బకు ఓర్చు మెత్తని రబ్బరుపూత వేసి, పెట్టెవంటి బోలు భాగములలోనికి మైనము చల్లిరి. రంగు తగులరాని చోట్లును కలవు: బ్రేకు రబ్బరు గొట్టములు, రబ్బరు దిమ్మలు, మరల పళ్లు, పొగగొట్టము, ఎర్తు తీగ అంటు చోటు, బండి సంఖ్య చెక్కిన చోటు. నీరు కారుటకు విడిచిన రంధ్రములను పూడ్చినచో ఇంత శ్రమయు వ్యర్థము.

పని ముగియునాటికి ఆ పిల్లవాడు తన నోటుబుక్కులో రెండు వరుసలు వ్రాసికొనెను. మేస్త్రీ 'తురు' అన్నది ఒక వరుసలో, ఇంట అమ్మమ్మ 'తుప్పు' అన్నది రెండవ వరుసలో. 'ఉప్పుత్తాళ్' ఎదుట గరుకు కాగితము. "తెలుగులో చదివినది కార్ఖానాలో పనికివచ్చునా?" అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. తుప్పు ఏల పుట్టునో, జిడ్డు ముందుగా ఏల కడుగవలెనో ఆ బాలుడు ఇంటివారికి తెలుగులో విప్పి చెప్పెను. మేస్త్రీకి తమిళములో చెప్పెను. విషయము తెలిసినవానికి రెండవ భాష అడ్డు కాలేదు.

బండి ఇప్పుడు మరల బాడుగకు తిరుగుచున్నది. వానలు వెలిసినంతనే అడుగు బురద కడుగవలెను, రంధ్రములు తెరచియున్నవో లేవో పుల్లతో చూడవలెను. ఈ రెండు పనులును తనవని ఆ పిల్లవాడు తండ్రికి మాట యిచ్చినాడు.