తలుపు అట్ట వెనుక సంగతి

మా తాతగారికి స్టాండర్డ్ హెరాల్డ్ కారుంది. ఆ మోడల్ తయారీ 1961లో మద్రాసులో మొదలైంది. 1962 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకూ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి వాడారు. అంత గొప్ప వంశం! అయినా మదనపల్లె నుండి కుప్పం బయలుదేరితే, పుంగనూరు చేరేలోపే తలుపు అట్టలు టకటకమనేవి, కాళ్ళు కాలేవి.

కొత్త క్లిప్పులు వేశాను; నెలకే ఊడాయి. అసలు దోషం నీళ్ళది. అద్దం పక్కగా దిగిన వాన నీటికి అట్ట నాని, రంధ్రాలు చివికిపోయాయి. తలుపు అడుగు రంధ్రాల్లో మట్టి తీశాను. అట్టకూ రేకుకూ మధ్య పాలిథిన్ అంటించాను. చివికిన చోట పలుచని ప్లైవుడ్ ముక్క అతికి, కొత్త రంధ్రం వేశాను.

వేడికి మందు వేరు. నేల తుప్పు గీకి, రెడాక్సైడ్ పూసి, తారు షీటు పరిచి, పైన జనపనార ఫెల్టు వేశాను. ఫెల్టును అంటించకూడదు సుమా! తడిస్తే తీసి ఆరబెట్టాలి. లేదంటే కిందున్న రేకు తుప్పుపాలే.

మొన్న కుప్పం దాకా తాతగారు హాయిగా నిద్రపోయారు. నాకదే మెడలు!